నదులలో ట్యూబులపై విహారం - పాటించవలసిన జాగ్రత్తలు

గాలి నింపిన ట్యూబుపై కూర్చుని నదీ ప్రవాహం వెంట తేలుతూ సాగే జలక్రీడ పర్యాటకులను, ముఖ్యంగా యువతను విశేషంగా ఆకర్షిస్తున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. ఈ నేపథ్యంలో నదీ విహారానికి వెళ్లేవారు తెలుసుకొనవలసిన అంశాలను దిగువ పొందుపరచడమైనది.

ఎగువ నుండి నీటి విడుదల

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లా తలౌట్ వద్ద, ఎగువనున్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుండి విడుదలైన నీటి ఉధృతికి హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు, వారి వెంట వెళ్లిన పర్యటన నిర్వాహకుడు బియాస్ నదిలో కొట్టుకుపోయి మరణించారు. వారు విహారంలో ఉన్నవారు కారు. నదిలోని బండరాళ్లపై నిలిచి ఫొటోలు తీసుకుంటున్నవారు. ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన నది సురక్షితమని భావించరాదని ఈ దుర్ఘటన తెలియజేస్తున్నది. ఎగువన జలాశయం ఉన్నదా, గేట్లు ఎప్పుడు ఎత్తుతారు, హెచ్చరిక సైరన్ ఏ విధంగా వినిపిస్తుంది అనే విషయాలను స్థానికంగా విచారించిన పిమ్మటనే నీటిలో దిగవలెను. నీరు హఠాత్తుగా బురద రంగుకు మారినా, మట్టం పెరుగుతున్నట్లు కనిపించినా తక్షణం ఒడ్డుకు చేరవలెను. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అవుతుంది. వరద హెచ్చరికలు అమలులో ఉన్న రోజులలో ఎట్టి విహారమూ తగదు.

ట్యూబు ప్రాణరక్షక సాధనం కాదు

ట్యూబుకు చుక్కాని లేదు, పట్టు తప్పితే అది మనిషిని వదలి పోతుంది. కావున ఈత వచ్చినవారు సైతం శరీర కొలతకు తగిన లైఫ్ జాకెట్‌ను ధరించి, పట్టీలన్నీ బిగించుకొనవలెను. నడుముకు గాని, చేతికి గాని ట్యూబును తాడుతో కట్టుకొనరాదు. ఆ తాడు రాయికి, కొమ్మకు చిక్కుకొనే ప్రమాదమున్నది. మద్యం సేవించి నీటిలో దిగరాదు. ఆనకట్టల దిగువన నీరు సుడి తిరిగి మనిషిని మరల మరల లోనికి లాగుతుంది కనుక వాటి దరిదాపులకు పోరాదు.

ప్రవాహంలో పడిపోయినపుడు

వేగంగా పారే నీటిలో నిలబడే ప్రయత్నం చేయరాదు. రాళ్ల సందున పాదం ఇరుక్కున్నచో ప్రవాహం మనిషిని ముంచివేస్తుంది. వెల్లకిలా తేలుతూ, పాదాలను పైకెత్తి దిగువ దిశగా ఉంచి, చేతులతో ఏటవాలుగా ఒడ్డు వైపు సాగవలెను.

రక్షణ, ప్రథమ చికిత్స

మునుగుతున్న వారి కోసం శిక్షణ లేనివారు నీటిలో దూకరాదు. ఒడ్డు నుండే తాడు, వెదురు గడ, మరొక ట్యూబు అందించి, 112 లేదా 108కి ఫోన్ చేయవలెను. వెలికితీసిన వ్యక్తి పొట్ట నొక్కి నీరు కక్కించుట, తలక్రిందులుగా త్రిప్పుట హానికరం. శ్వాస లేనిచో ముందుగా నోటి ద్వారా శ్వాస అందించి, అనంతరం ఛాతీ మధ్యన 30 నొక్కులకు 2 శ్వాసల చొప్పున వైద్య సహాయం అందేవరకు కొనసాగించవలెను.

అధికారులకు, పాత్రికేయులకు

నీటి విడుదలకు ముందు దిగువ గ్రామాలకే గాక, విహార స్థలాలకు కూడా సమాచారం చేరునట్లు చూడవలసిన బాధ్యత సంబంధిత అధికారులపై ఉన్నది. ప్రమాద వార్తలలో మృతుల సంఖ్యతోపాటు, ఎగువన నీరు విడుదలైనదా, బాధితులు లైఫ్ జాకెట్లు ధరించినారా అన్న వివరాలను కూడా ప్రచురించినచో, తదుపరి ప్రయాణికునికి అవి హెచ్చరికగా ఉపకరించగలవు. ప్రజలలో ఈ అవగాహన కల్పించుటకు పత్రికలు, ప్రసార మాధ్యమాలు సహకరించవలసినదిగా కోరడమైనది.