ఇరవై ఏడు గడువుల ఏడాది

జూన్ 7, 8 తేదీలు వచ్చాయంటే హైదరాబాద్ రాంనగర్, ముషీరాబాద్ చేపల మార్కెట్లలో కాలు పెట్టే సందు దొరకదు. అది మిరుగం, మృగశిర మొదలయ్యే రోజు. ఆ రోజు చేప తినాలి. తినని ఇళ్లలో ఇంగువ కలిపిన బెల్లం ముక్క నోట్లో వేసుకుంటారు. ఉబ్బసం రోగులకు బత్తిని కుటుంబం కొరమీను పిల్ల నోట మందు పెట్టి మింగించేదీ మృగశిర ప్రవేశించే వేళకే. ఈ జనంలో ఎప్పుడైనా నాగలి పట్టినవాళ్లు కొద్దిమందే ఉంటారు. అయినా ఆ రోజుకు వాళ్లంతా అనుసరిస్తున్నది రైతు క్యాలెండరును. అందులో మృగశిర ఒక పేజీ. అలాంటివి మొత్తం 27 ఉన్నాయి. వాటినే కార్తెలంటాం.

చంద్రుడి పండుగలు, సూర్యుడి పనులు

అశ్విని నుంచి రేవతి వరకు నక్షత్రాలు 27. చంద్రుడు రోజుకొకటి చొప్పున వాటిని చుట్టివస్తాడు. పుట్టిన నక్షత్రం, పెళ్లి ముహూర్తం ఆ లెక్కలోనివే. సూర్యుడికి అదే చుట్టు తిరగడానికి ఏడాది పడుతుంది. ఒక్కో నక్షత్రంలో ఆయన ఉండే కాలం కార్తె. ఏడాదిని 27 భాగాలు చేస్తే ఒక్కో దానికి పదమూడున్నర రోజులు వస్తాయి. అన్నీ సమానం కావు. భూమి సూర్యుడికి దగ్గరగా ఉండే డిసెంబరు, జనవరుల్లో వేగంగా కదులుతుంది కాబట్టి అప్పటి కార్తెలు 13 రోజుల్లో ముగుస్తాయి. వేసవి చివరి కార్తెలు 14 రోజులు సాగుతాయి.

ఉగాది, వినాయక చవితి, దీపావళి చంద్రుడి తిథుల మీద నడుస్తాయి. అందుకే ఒక ఏడు ముందుకూ ఒక ఏడు వెనక్కూ జరుగుతాయి. రెండున్నర, మూడేళ్లకోసారి అధికమాసం చేర్చి వాటిని రుతువులతో సర్దాలి. జ్యేష్ఠ పూర్ణిమ నాటి ఏరువాక కూడా అంతే. ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పూజ చేసి సాలు తోలే ఆ పండుగ ఒక్కోసారి జూన్ మొదట్లో పడుతుంది, ఒక్కోసారి జూన్ ఆఖరులో. దాదాపు నెల తేడా ఉన్న లెక్కను నమ్ముకుని విత్తనం చల్లలేం. పండుగను చంద్రుడికి వదిలి, విత్తును సూర్యుడికి అప్పగించాడు రైతు. ఒకే పంచాంగంలో రెండు కాలాలు పక్కపక్కన నడిచాయి. అశ్విని ఏప్రిల్ 14 ప్రాంతంలో మొదలవుతుంది, మృగశిర జూన్ 8కి, మఖ ఆగస్టు 17కి, మూల డిసెంబరు 16కి. ఒక రోజు అటూ ఇటూ తప్ప ఇవి కదలవు.

సూర్యుడు ఉన్న చోట నక్షత్రం కనపడదు కదా, మరి పల్లెలో తెలిసేదెలా? పంచాంగం చదివే అయ్యవారు చెప్పేవారు. ఆకాశమూ కొంత చెప్పేది. పిల్లల కోడి అని మనవాళ్లు పిలుచుకునే కృత్తికల గుంపు మే నెలలో సూర్యకాంతిలో మునిగి కనిపించకుండా పోతుంది. జూన్ తొలి పక్షంలో మళ్లీ తెల్లవారుజామున తూర్పున తేలుతుంది. అది తేలే రోజులూ తొలకరి రోజులూ ఒకటే.

సామెతల్లో సాగుబడి

కార్తెల పేర్లు పంచాంగంలో ఉంటే, వాటి అర్థం సామెతల్లో ఉంది. 1868లో మద్రాసులో కెప్టెన్ కార్ ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ పేరుతో తెలుగు సామెతలను అచ్చు వేయించే నాటికే జనం నోట అవి పాతబడి ఉన్నాయి. వాటిని వాన జోస్యాలుగా చదివితే సగం తప్పుతాయి. గడువులుగా చదివితే ఒక సాగు పద్ధతి బయటపడుతుంది.

రోహిణిలో రోళ్లు పగులుతాయి అంటే ఎండ గురించి మొరపెట్టుకోవడం మాత్రమే కాదు. మే 25 నుంచి జూన్ 8 దాకా సాగే ఆ కార్తెలో వేసవి దుక్కులు పూర్తి కావాలి, పెంట తోలుకోవాలి, నీటి వసతి ఉన్నచోట దీర్ఘకాలిక వరికి నారు పోసుకోవాలి. మృగశిరకు ముంగిళ్లు చల్లబడతాయి. కేరళను సాధారణంగా జూన్ 1న తాకే నైరుతి తెలుగు నేలకు చేరే వేళ అదే. ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందన్నది ఈ కార్తె గురించే. ఆ వెనకే, జూన్ 22 ప్రాంతంలో, ఆరుద్ర. తడిసిన నేల మీద ఎర్ర మఖమల్ ముద్దలా ఆరుద్ర పురుగు పాకుతుంది. పిల్లలు దాన్ని అగ్గిపెట్టెలో దాచుకుంటారు, పెద్దలు దాన్ని చూసి విత్తనాల మూట విప్పుతారు. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయన్నది ఆ మూట విప్పే ధైర్యానికి పుట్టిన మాట. మృగశిర జల్లు ఒక్కోసారి మోసం చేస్తుంది. మొలకెత్తించి ఎండబెడుతుంది. ఆరుద్రలోనూ వాన పడితే రుతుపవనం నిలదొక్కుకున్నట్టే.

జులైలో పునర్వసు, పుష్యమి. పూరేడు పిట్ట అడుగైనా తడవదని ఈ రెంటికీ పేరు. నైరుతి మధ్యలో వాన తెరిపి ఇచ్చే రోజులను రైతు ముందే గుర్తుపెట్టుకున్నాడు. ఆ తెరిపిలో గుంటక తోలాలి, కలుపు తీయాలి. అనంతపురం ఎర్ర నేలల్లో వేరుశనగ విత్తే అదును కూడా ఈ కార్తెలతోనే దాదాపు ముగుస్తుంది. ఆ తర్వాత పదును దొరికితే ఉలవ చల్లుకోవడమే దారి. అదును కార్తె చెబుతుంది, పదును చేను చెబుతుంది. రెండూ కలవకపోతే పంట మార్చాలి.

మఖ, పుబ్బలు నడి వానాకాలం. అల్పాయుష్షుతో ముగిసిన దేన్నయినా మఖలో పుట్టి పుబ్బలో మాడిందంటాం. చాలామంది దీన్ని తిరగేసి చెబుతారు గానీ సూర్యుడు మఖ దాటే పుబ్బలోకి వెళతాడు. సెప్టెంబరు 13కి ఉత్తర వస్తుంది. అన్ని సామెతల్లోకీ కఠినమైనది దానిదే. ఉత్తర చూసి ఎత్తర గంప. అప్పటికీ చెరువు నిండకపోతే, చేను పచ్చబడకపోతే ఇక చూడొద్దు, గంప నెత్తికెత్తుకుని పని దొరికే ఊరికి పో అని. ఇందులో దేవుడి ప్రస్తావన లేదు, ఓదార్పు లేదు. వానాకాలంలో ఇంకా రెండు వారాలు మిగిలి ఉండగానే తీసుకోవలసిన నిర్ణయం ఉంది. ఆలస్యంగా బయలుదేరిన వలస కూలీకి ముందే వెళ్లినవాళ్ల తర్వాతే పని దొరుకుతుందని తెలిసినవాళ్లు కట్టిన మాట ఇది.

చిత్త, స్వాతి, విశాఖ కార్తెల్లో వాన దిక్కు మారుతుంది. నైరుతి వెళ్లి ఈశాన్యం వస్తుంది. ఆ మూడూ కరుణిస్తే వీసమంత విత్తుకు పుట్టెడు పండుతానని జొన్న మాటిచ్చినట్టు ఓ సామెత ఉంది. అందులో విశాఖకు పెట్టిన షరతు ఒక్కటే, గాలి విసరకూడదు. కోస్తా రైతుకు ఆ షరతు లోతు తెలుసు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని చీల్చిన హుద్‌హుద్ చిత్త కార్తెలో వచ్చింది. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరిని నేలకూల్చిన తుఫాను స్వాతి, విశాఖల సంధిలో. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన విశాఖ, అనూరాధల సంధిలో. వరి పాలుపోసుకుని, గింజ గట్టిపడే వేళలవి. ఆ గండం గడిచాక అనూరాధలో అనాథ కర్రయినా ఈనుతుంది. కోతలు, కుప్పలు, నూర్పిళ్లు అయి, సంక్రాంతి వచ్చేసరికి సూర్యుడు ఉత్తరాషాఢలో ఉంటాడు.

పీఠం మీది వాన, పొలంలోని వాన

పండితుల వాన లెక్క వేరు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘం గర్భం ధరించిన 195 రోజులకు వర్షిస్తుందన్నాడు. మార్గశిర, పుష్య మాసాల మబ్బును, మంచును, గాలిని రాసిపెట్టుకుంటే ఆషాఢ, శ్రావణాల వాన తెలుస్తుందని ఆయన భావం. మూర వెడల్పు కుండ పెట్టి వానను కొలవమని కూడా చెప్పాడు. కృషి పరాశరం అనే పాత సాగు గ్రంథం కురిసే నీటిని 20 భాగాలు చేసి 10 సముద్రానికి, 6 కొండలకు, 4 భూమికి పంచింది. ఉగాది నాడు గుడి అరుగు మీద వినిపించే పంచాంగంలో నేటికీ ఈ పంపకం ఉంటుంది. ఆ ఏటి నవనాయకుల్లో మేఘాధిపతి ఎవరన్నది సూర్యుడు ఆరుద్రలో ప్రవేశించిన వారాన్ని బట్టి తేలుస్తారు. మిగతా పదవులు చాలావరకు సంక్రమణాలను బట్టి దక్కితే, మబ్బులకు మాత్రం కార్తెనే కొలబద్దగా పెట్టుకున్నారు.

అయితే పంచాంగం వానకు ముందే ఏడాదికంతటికీ తీర్పు చెబుతుంది. సామెత వాన పడ్డాకో, పడలేదని తేలాకో మాట్లాడుతుంది. ఇంతవరకు ఇలా జరిగింది కాబట్టి ఇప్పుడు ఇది చెయ్యి అంటుంది. పంచాంగ శ్రవణానికి భక్తిగా తలాడించిన రైతే మర్నాడు పొలంలో సామెతను అనుసరించేవాడు.

నక్షత్రం జరిగింది, వాన జరగలేదు

కార్తెకు ఒక లోపం ఉంది. నక్షత్రాలను ఆనవాలుగా పెట్టుకున్న సంవత్సరం, రుతువుల సంవత్సరం కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. భూమి అక్షం మెల్లగా తిరగడమే కారణం. ఆ 20 నిమిషాలు 72 ఏళ్లకు ఒక రోజవుతాయి. వరాహమిహిరుడి కాలంలో అశ్విని మొదలయ్యే మేష సంక్రమణమూ, పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తూ దాదాపు ఒక్కచోటే ఉండేవి. ఇప్పుడు విషువత్తు మార్చి 20, 21 తేదీల్లో ఉంటే సంక్రమణం ఏప్రిల్ 14కి జరిగింది. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడ్డ క్యాలెండరు సంస్కరణ సంఘం అప్పటికి 23 రోజులుగా ఉన్న ఈ తేడాను ఎత్తిచూపి, రుతువులకు కట్టుబడిన శక సంవత్సరాన్ని సూచించింది. 1957 మార్చి 22 నుంచి అది జాతీయ క్యాలెండరు అయింది. ఆకాశవాణి ప్రకటనల్లో, గెజెట్ల మీద ఉంది. పొలాల్లోకి రాలేదు.

వెయ్యేళ్లకు ఈ జారుడు 14 రోజులు, అంటే దాదాపు ఒక కార్తె. నన్నయ రాజమహేంద్రవరంలో భారతం తెనిగిస్తున్న రోజుల్లో, నేడు మృగశిరలో పడుతున్న తొలకరి ఆరుద్రలో పడి ఉండాలి. వాన వచ్చే రోజులు సూర్యుడు భూమిని వేడెక్కించే తీరును బట్టి ఉంటాయి కానీ వెనక ఉన్న చుక్కల పేరును బట్టి ఉండవు. అంటే ముంగిళ్లు చల్లబరిచే గుణం మృగశిర నక్షత్రానిది కాదు. తేదీ జరిగినప్పుడల్లా సామెతను ఎవరో సరిదిద్దుకుంటూ వచ్చారు, లేదా పాతది వదిలి కొత్తది కట్టారు. పేరు పెట్టకుండా, ఎక్కడా రాయకుండా జరిగిన సవరణ ఇది. పొరుగువాళ్లూ ఇదే పని చేశారు. మహారాష్ట్ర రైతు మృగ నక్షత్రం కోసం కాచుకుంటాడు. తమిళులకు భరణి నుంచి రోహిణి దాకా అగ్ని నక్షత్రం. కేరళలో మన ఆరుద్రే తిరువాదిర ఞాట్టువేళ, మిరియం తీగ నాటే అదును. పోర్చుగీసువాళ్లు తీగలు పట్టుకుపోతున్నారని చెబితే, మన ఞాట్టువేళను పట్టుకుపోలేరు కదా అని సామూద్రి రాజు నవ్వాడని అక్కడ కథ చెప్పుకుంటారు.

తెలుగు నేలలో కార్తెకు తొలి పోటీ కాలువల నుంచి వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా రైతు ఆరుద్ర కంటే కాలువకు నీళ్లు వదిలే తేదీ కోసం ఎదురుచూడటం నేర్చాడు. 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది. హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మంచును చూసి 1886లో తొలి రుతుపవన సూచన విడుదల చేశాడు. నేడు ప్రతి మంగళ, శుక్రవారాల్లో జిల్లాల వారీగా వ్యవసాయ వాతావరణ సలహాలు వస్తున్నాయి. మరోవైపు వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతుల కోసం ఏటా తెచ్చే సాగు పుస్తకానికి ‘వ్యవసాయ పంచాంగం’ అనే పేరు పెట్టుకుంది.

తొలకరి తర్వాత నెల్లాళ్లు ఎండ కాయడం, ఒక్క రాత్రిలో నెల వాన కురవడం చూస్తున్న ఇప్పటి రైతుకు పాత సామెత ప్రతిసారీ పనికిరాదు. అంతమాత్రాన అది మూఢనమ్మకం అయిపోదు. ఫలానా రోజుకు ఇంత పదును లేకపోతే ఫలానా పంట వద్దు అనే మాటకు కావలసినవి రెండే, ఏళ్ల తరబడి గమనింపు, తప్పితే మార్చుకునే తెగువ. పూర్వం ఊరి అనుభవం మీద నడిచిన ఆ సవరణకు ఇప్పుడు మండలం మండలానికీ వానమాపకం ఉంది, దశాబ్దాల లెక్కలు ఉన్నాయి. కొత్త గడువులు తేల్చి, నోట నిలిచే నాలుగు మాటల్లో రైతుకు అందించడం మిగిలింది. అనంతపురం వేరుశనగకు ఒకటి, కోనసీమ వరికి ఒకటి కావాలి. ఉత్తర స్థానంలో గంప ఎత్తే కొత్త తేదీ కూడా ఎవరో ఒకరు నిజాయితీగా చెప్పాలి.