చక్రవర్తి గారి వేలు

గౌట్ అంటే కాలి బొటనవేలి జబ్బు అనే చాలామంది అనుకుంటారు. ముదిరితే చేతివేళ్ళ ఎముకల్ని, మణికట్టునీ కూడా వదలదు. స్పెయిన్, జర్మనీ ఏలిన ఐదో చార్లెస్ సంగతే చూడండి. 1555లో బ్రస్సెల్స్ సభలో ఓ చేత్తో కర్ర, ఇంకో చెయ్యి ఆరెంజ్ విలియం భుజమ్మీద వేసి, గద్దె దిగిపోతున్నానన్నాడు. అప్పటికి ఆయనకి 55 ఏళ్ళే. జబ్బు ఉత్త సాకేమో అని నాకూ అనుమానం వచ్చేది.

ఎస్కోరియల్లో విడిగా దాచిన ఆయన వేలి కొసని బార్సిలోనా డాక్టర్లు పరీక్షించి, 2006లో ఫలితాలు ప్రచురించారు. ఎముక బాగా తినేసి ఉంది, అందులో సూదుల్లాంటి యూరేట్ స్ఫటికాలు! నాలుగున్నర శతాబ్దాల తర్వాత దొరికిన లాగ్ ఫైలన్నమాట. మతయుద్ధాల విసుగు కూడా ఉందిలెండి, కాదనను. కానీ ఆ నొప్పి మాత్రం నాటకం కాదు.

డాక్టర్లు వద్దన్నా మాంసం, బీరు మానలేదాయన. 1558లో పోయేదాకా, యూస్తే మఠంలో కూడా!