మనోవర్తి: చెరియొక బిడ్డను పోషించు తల్లిదండ్రులు

వేరుపడిన దంపతులలో తండ్రికడ నొకరును తల్లికడ నొకరును బిడ్డలు పెరుగుచుండ, ఆ బిడ్డల పోషణకై న్యాయస్థానము ఉభయుల శక్తినిబట్టి విధించు జీవనభృతియే యీ సందర్భమున మనోవర్తి. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టపు 20వ సెక్షను మైనరు సంతానపోషణ భారమును తల్లిదండ్రు లిరువురిపైనను మోపినందున, చెరియొక బిడ్డను చేరదీసినంతమాత్రమున లెక్క చెల్లుకు చెల్లు గాదు. ఇక ఉభయుల శక్తిని లెక్కించుటకు వచ్చినచో, గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి సీమలో రైతు రాబడి నెలజీతమువలె నిలుకడగలది గాక, పత్తితీతలతోను, శీతలగిడ్డంగిలో నిలువయున్న మిరపటిక్కీల ధరతోను మారుచుండుటచే, దానిని నెలకింతయని తేల్చుట మిక్కిలి కష్టసాధ్యము. 1973 నాటి క్రిమినల్ ప్రక్రియా స్మృతి 125వ సెక్షనులో మనోవర్తిపై నున్న 500 రూపాయల పరిమితి 2001లో తొలగెను. 2024 జూలై 1 నుండి ఆ స్థానమున భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను అమలులోనున్నది. ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రమున ఉభయులును వెల్లడింపవలెననియు, భృతి దరఖాస్తు తేదీనుండియే చెల్లవలెననియు సుప్రీంకోర్టు రజ్నేశ్–నేహా వ్యాజ్యమున 2020 నవంబరు 4న నిర్దేశించెను.