దూరం నుంచి లెక్కపెట్టే గొంతు

‘ఆన్‌లైన్ పర్సనల్ ట్రైనర్’ అనే మాట కొత్తది. ఎదుట లేని మనిషికి వ్యాయామం నేర్పి డబ్బు తీసుకోవటం మాత్రం నూరేళ్లు దాటిన వ్యాపారం. దీన్ని యంత్రాల చరిత్రగా రాయటం తేలిక: టపా, గ్రామఫోన్ రికార్డు, టీవీ, వీడియో క్యాసెట్, సెల్‌ఫోన్. ఇందులో అమ్ముడుపోయింది ఎవరి శరీరం, లెక్కలోకి రానిది ఎవరి శ్రమ అన్నది నా ప్రశ్న. స్త్రీలు ఈ రంగంలో యజమానులయ్యాక కూడా ఆ ప్రశ్న తీరలేదు.

ఆధునిక దేహదారుఢ్యానికి ఆద్యుడిగా చెప్పే యూజిన్ శాండో 1897లో లండన్‌లో వ్యాయామ సంస్థ పెట్టాడు. రాలేనివాళ్లకి టపాలో పాఠాలు పంపాడు. ఛాతీ ఇంత, భుజం ఇంత అని కొలతలు రాసి పంపితే దానికి తగ్గ పాఠం వచ్చేది. శిష్యుడు గురువుని చూసేది ఫొటోలోనే. అంటే గురువు శరీరమే సర్టిఫికెట్టు, సైన్‌బోర్డు. శాండో 1904-05లో మన దేశమూ వచ్చి ప్రదర్శనలిచ్చాడు. ఆ తర్వాత తరంలో బెంగుళూరులో కె.వి.అయ్యర్ హెర్క్యులస్ జిమ్నాజియం నడిపి, టపా ద్వారా కూడా వ్యాయామం నేర్పాడు. (సాహిత్య విద్యార్థిగా నాకాయన ముందు ‘శాంతల’ అనే కన్నడ నవల రాసిన మనిషిగానే తెలుసు. కండలు చూపిన ఫొటోలు తర్వాత చూసి కొంచెం తికమకపడ్డాను.)

ఆ రోజుల్లో టపా మన తెలుగు స్త్రీలకి ఏం మోసుకొచ్చింది? 1928లో మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ మొదలుపెట్టిన డాక్టర్ కె.ఎన్.కేసరి, ‘లోధ్ర’ అనే స్త్రీల మందు తయారుచేసిన వైద్యుడు కూడా. ఆ పత్రిక స్త్రీల రాతలకి ఇచ్చిన చోటుని తక్కువ చెయ్యను. కానీ మగవాడి శరీరం పెంచుకోవలసిన బలంగా ప్రచారమవుతున్న కాలంలో స్త్రీ శరీరం నయం చెయ్యవలసిన జబ్బుగా ప్రకటనలకెక్కిందన్నది గమనించాలి. ఊళ్లో తాలింఖానా గుమ్మం ఆమెది కాదు.

గుమ్మం దాటకుండానే వ్యాయామం స్త్రీల ఇళ్లలోకి రావటం అమెరికాలో టీవీతో ఊపందుకుంది. 1960లో డెబ్బీ డ్రేక్ రోజువారీ వ్యాయామ కార్యక్రమం నడిపిన మొదటి మహిళ అయింది. ఆమె 1964లో తెచ్చిన రికార్డు పేరుకి అర్థం ‘మీ భర్తని సంతోషంగా ఉంచటం ఎలా’. నేర్పేది స్త్రీ, చేసేది స్త్రీ, ఫలితం అందుకునేది మాత్రం హాల్లో కూర్చున్న ఆయన! నవ్వొస్తుంది గానీ, ఆ పేరు లేకపోతే ఆ రికార్డు ఎన్ని ఇళ్ల గుమ్మం దాటేదో ఆలోచించాలి.

నన్ను ఎక్కువగా ఆపేసిన కథ జేన్ ఫాండాది. 1979లో బెవర్లీ హిల్స్‌లో స్టూడియో, 1981లో పుస్తకం, 1982లో వీడియో. ఆ మొదటి వీడియో కోటీ డెబ్భై లక్షల కాపీలు అమ్ముడయిందని చెపుతారు. లాభాలు భర్త టామ్ హేడెన్‌తో కలిసి నడిపిన రాజకీయ సంస్థకి వెళ్లాయి. ఇంతవరకు అందరికీ తెలిసిన కథ. ఆ వ్యాయామక్రమానికి మూలం లెనీ కాజ్డెన్ అనే శిక్షకురాలు. సినిమా షూటింగులో పాదం ఎముక విరిగి, బాలే చెయ్యలేని స్థితిలో ఫాండా ఆమె క్లాసులో చేరింది. వ్యాపారం ఊపందుకున్నప్పుడు భాగస్వాముల్లో లెనీ లేదు. డేనియల్ ఫ్రీడ్‌మన్ 2022లో స్త్రీల వ్యాయామ చరిత్ర రాస్తూ ఆమె కథని వివరంగా చెప్పింది.

దీన్ని ఒక స్త్రీ మరో స్త్రీని మోసం చేసిన కథగా చదివితే అసలు విషయం జారిపోతుంది. లెనీ క్లాసులో ఎంతమందికి చోటుంటే అంతమందే. ఎవరి మోకాలు ఎటు వంగుతోందో చూడాలి, సరిచెయ్యాలి, మర్నాడు మళ్లీ చూడాలి. క్యాసెట్టుకి ఆ బాధ లేదు. ఒకసారి తీస్తే కోటిమందికి అదే పాఠం, ఎవరి మోకాలూ చూడనక్కర్లేదు. పక్కనుండి పట్టించుకునే శ్రమని తీసేసిన చోటే ఈ వ్యాపారంలో లాభం పుడుతోంది. ఇంటిచాకిరీ గురించి మనం ఎప్పటినుంచో మాట్లాడుతున్నదీ ఇదే కదా!

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో కైలా ఇట్సీన్స్ కూడా మనుషుల పక్కన నిలబడి నేర్పే ట్రైనరే. 2014లో ‘బికినీ బాడీ గైడ్’ అనే పాఠాన్ని ఫైలుగా అమ్మింది, తర్వాత యాప్. అమ్ముడుపోయిన ఊపుకి కారణం ‘ముందు, తర్వాత’ ఫొటోలు. ఈసారి వినియోగదారులే తమ శరీరాల్ని ప్రకటనలుగా పంపించారు, ఉచితంగా. 2021లో కంపెనీని అమ్మినప్పుడు ధర నలభై కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లని పత్రికలు రాశాయి. 2023లో తిరిగి కొనుక్కుంది. ‘బికినీ బాడీ’ అన్న పేరు పెట్టినందుకు విచారిస్తున్నానని 2016లోనే చెప్పింది.

విజయవాడలో మా పిన్ని కూతురు ఒక జిమ్ములో ట్రైనరు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో జిమ్ములు మూతపడ్డాయి. ఆగస్టు 5 నుంచి తెరవచ్చని కేంద్రం చెప్పేదాకా జీతం లేదు. ఆరుగురు ఆడవాళ్లతో వీడియో క్లాసు మొదలుపెట్టింది. డల్లాస్‌లో ఉన్న ఇద్దరికి రాత్రి ఏడయితే ఈమెకి తెల్లవారుజాము ఐదున్నర. ఫోను నేలమీద స్టీలు డబ్బాకి ఆనించి, పక్కకి తిరిగి గుంజీలు తియ్యమంటుంది. అలా అయితేనే నడుము వంపు కనపడుతుందట. “అక్కా, మా అత్తగారు ఇక్కడే ఉన్నారు, కెమెరా ఆపేస్తా” అంటే సరేనంటుంది. అప్పుడు ఊపిరి చప్పుడు విని, ఎక్కడ బిగబడుతున్నారో పట్టి లెక్క నెమ్మది చేస్తుంది.

క్లాసు ముప్పావుగంట. ఆ తర్వాత వాట్సాప్‌లో మరో గంట: మోకాలినొప్పి, నెలసరి, నిద్ర పట్టకపోవటం, మొగుడు. ఆ గంటకి ఫీజు లేదు. “రికార్డు చేసి అమ్మవే, హాయిగా పడుకోవచ్చు” అని తెలిసినవాళ్లంతా సలహా ఇచ్చారు. పోస్టరుకి కాన్పుకి ముందు తీసుకున్న నీ ఫొటో పెట్టు అన్నారు. నేను ఏ సలహా ఇవ్వలేదు, లెనీ కథ చెప్పాను. ఈమధ్య చూస్తే ఆమె ఫీజు పట్టికలో కొత్త వరుస ఒకటి చేరింది: ‘విడిగా మాట్లాడటానికి, అరగంట’. ఎదురుగా రూపాయల్లో ధర. పోస్టరులో ఫొటో లేదు, రెండు దేశాల టైములు మాత్రం ఉన్నాయి. ధర చూసి ఇద్దరు మానేశారట.