నూతిలోంచి లేచిన పొద్దు

మా శ్రీకాకుళం వైపు పల్లెల్లో అరసవల్లి అని ఎవరూ పలకరు. అరసవిల్లి అంటారు. హర్షవల్లి అనే పేరే అలా అరిగిందని పండితులు చెబుతారు. మా మామ్మకు ఆ సంగతి తెలియదు. ఇంట్లో పిల్లాడికి కళ్లు ఎర్రబడి పుసులు కడితే అరసవిల్లి స్వామికి మొక్కుకోవాలి, మాఘమాసంలో ఒక ఆదివారం పరమాన్నం వండి పెట్టాలి. ఆవిడకు తెలిసింది అంతే.

ఎనిమిదో ఏట నాకు కళ్లకలక వచ్చి తగ్గింది. ఆ మాఘంలో చీకటితోనే లేపి నడిపించింది. నెత్తిన బుట్టలో ఇత్తడి గిన్నె, బియ్యం, బెల్లం, పిడకలు. చేతిలో పాలచెంబు. దారంతా "బేగి నడవరా, పొద్దెక్కిపోతంది" అంటూనే ఉంది. ఇంద్ర పుష్కరిణిలో నా చేత మూడు మునకలు వేయించి, గుడి బయట మూడు ఇటుకలు పేర్చి పొయ్యి రాజేసింది. పాలు పొంగేదాకా గిన్నె మీంచి చూపు తిప్పలేదు. పొంగగానే లేచి తూర్పుకు తిరిగి దండం పెట్టింది. చిక్కుడాకులో పెట్టిన ఆ వేడి పరమాన్నానికి పిడకపొగ వాసన పట్టి ఉండేది. ఈ వయసులోనూ ఎక్కడ పిడక కాలినా నాకు ఆ గుడే గుర్తొస్తుంది.

శివాలయాల్లో నవగ్రహాల అరుగు మీద సూర్యుడు తొమ్మిదిమందిలో ఒకడు. నడుమ నిలబడ్డా, చాలామంది ప్రదక్షిణ చేసేది శని కోసమే. అరసవిల్లిలో ఆయనే మూలవిరాట్టు. సుమారు ఐదడుగుల నల్లరాతి విగ్రహం. రెండు చేతుల్లో తామరమొగ్గలు, పక్కన ఉష, పద్మిని, ఛాయ, కింద అనూరుడు తోలే ఏడు గుర్రాలు. ఆ ఛాయ కొడుకే శని. కోనసీమలో మందపల్లికి శనిత్రయోదశి నాడు తైలాభిషేకానికి వచ్చినవాళ్ల ముఖాల్లో బెదురు చూశాను. తండ్రి దగ్గరకు వచ్చేవాళ్లలో అది లేదు. కంటిచూపు, ఒంటి మీద మచ్చలు, పిల్లల ఆరోగ్యం, వీటి కోసం ఇంటి పెద్దను అడిగినట్టు అడుగుతారు. గ్రహపీడ అన్న మాట మామ్మ నోట నేను ఒక్కసారీ వినలేదు.

పెద్దయ్యాక లెక్కల మాస్టారుగా శ్రీకాకుళంలోనే ఉద్యోగం చేశాను గనక గుడి సంగతులు తెలుసుకునే వీలు చిక్కింది. 7వ శతాబ్దంలో తూర్పు గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని ఆలయ చరిత్ర. గాంగుల రాజధాని కళింగనగరం, అంటే ఇప్పటి ముఖలింగం, ఇక్కడికి యాభై కిలోమీటర్ల లోపే. శాసనాల రాతిపలకల మీద అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. చదవగలిగినంతలో అఖండదీపానికి చేసిన దానం ఒకటి, శాస్త్రాలు చదివే విద్యార్థుల వసతికి చేసిన దానం ఒకటి తేలాయి. దీపం సంగతి సరే, వెలుగుల దేవుడి గుడికి దీపం ఇవ్వాలని ఎవరికైనా తోస్తుంది. ఆ దీపం పక్కనే పరాయి ఊళ్ల పిల్లలకు ఇంత తిండి, తల దాచుకునే చోటు ఉండాలని తోచినవాడికి, బడిపంతులుగా బతికినవాణ్ని, నేను రెండు చేతులూ ఎత్తి మొక్కుతాను.

ఆ గాంగవంశంవాడే నరసింహదేవుడు 13వ శతాబ్దంలో కోణార్క్ సూర్యాలయం కట్టించాడు. ఎంత ఎత్తు, ఎంత శిల్పం! గర్భగుడి శిఖరం కూలిపోయింది. మిగిలిన జగమోహనమైనా నిలవాలని 1903లో లోపల ఇసుక నింపి మూసేశారు. అక్కడ నిలబడితే నాకు దుఃఖం వచ్చింది. మా చిన్న గుడిలో దీపం ఇంకా వెలుగుతోంది.

అయితే మా గుడికీ ఆపద తప్పలేదు. 17వ శతాబ్దంలో శ్రీకాకుళం షేర్ మహమ్మద్ ఖాన్ ఏలుబడిలో ఉండగా గుడి దెబ్బతిన్నదనీ, సీతారామశాస్త్రి అనే పండితుడు ముందే విగ్రహాన్ని నూతిలో దాచాడనీ చెబుతారు. 1778లో ఎలమంచిలి పుల్లాజీ పంతులు దాన్ని పైకి తీయించి గుడి తిరిగి కట్టించారు. అంటే అన్నేళ్లూ సూర్యుడు నూతి చీకట్లో ఉన్నాడు.

పైకి తీసినవాళ్లు స్వామిని ఏదో ఒక దిక్కుకు నిలబెట్టి ఊరుకోలేదని నా నమ్మకం. ఏటా మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో, ఆరు దాటిన కాసేపటికి తొలికిరణాలు అనివెట్టి మండపం మీదుగా వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. ఉండేది కొద్ది నిమిషాలే. రథసప్తమి అలా కాదు. అది మాఘ శుద్ధ సప్తమి, తిథిని బట్టి ఏటా తేదీ మారుతుంది. ఏడు జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసే పండుగ అది. కిరణం తేదీ మాత్రం మారదు. ఎందుకా అని ఒకరోజు కాగితం తీసి లెక్క వేశాను. పగటిపొద్దు అన్నిటికన్నా చిన్నదైన డిసెంబరు 21కి అక్టోబరు 2 సరిగ్గా 80 రోజుల ముందు. మార్చి 10 దానికి 79 రోజుల తర్వాత. సూర్యుడు దక్షిణానికి పోతూ ఒకసారి, ఉత్తరానికి మళ్లి వస్తూ ఒకసారి, నేరు తూర్పుకు కాస్త దక్షిణంగా ఇంచుమించు ఒకే చోట పొడుస్తాడు. ఆ చోటికి దారి వదిలి గుడి కట్టారు. లెక్క చెబితే మహిమ తగ్గుతుందని కొందరు నా మీద నొచ్చుకున్నారు. నాకైతే ఆ లెక్క తేలిన రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున నూలుతాడు పట్టుకుని పొద్దు కోసం కాచుకున్న మనుషులే కళ్లముందు మెదిలారు.

చివరి రోజుల్లో మామ్మకు శుక్లాలు ముదిరి చూపు ఆనేది కాదు. కిరణం చూపిస్తానని ఒక అక్టోబరులో చీకటితోనే రిక్షాలో తీసుకెళ్లాను. ఈసారి తొందరపెట్టింది నేను. ఆరయింది, ఆరుంపావయింది. సముద్రం వైపంతా మబ్బు. జనం నిట్టూర్చి లోపలికి కదిలారు.

"పడిందేటిరా?" అంది.

"లేదు మామ్మా, మబ్బేసింది."

నా భుజం ఊతంగా పట్టుకుని, పొద్దు ఉండాల్సిన వైపే తిరిగి దండం పెట్టింది.

"సరే, మాఘానికి కొత్తబియ్యం అట్టే పెట్టు" అంది.