‘ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?’ - అమెరికా స్కూళ్లలో ఇంగ్లీష్ లెర్నర్ల గుర్తింపు, తల్లిదండ్రుల హక్కులు

హైదరాబాద్, కర్నూలు, గుంటూరు లాంటి ఊళ్ల నుంచి షికాగోకో డల్లాస్‌కో వెళ్లిన కుటుంబం పిల్లల్ని అక్కడి ప్రభుత్వ స్కూల్లో చేర్చేటప్పుడు ఇచ్చే కాగితాల్లో ఒక చిన్న ఫారం ఉంటుంది. దాని పేరు హోమ్ లాంగ్వేజ్ సర్వే. పిల్లవాడు మొదట నేర్చిన భాష ఏది, ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు లాంటి రెండు మూడు ప్రశ్నలే అందులో ఉంటాయి. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే తడబడతారు. ఉర్దూ అనో తెలుగు అనో రాస్తే పిల్లవాడిని కింది తరగతిలో వేస్తారేమో, వెనకబడ్డవాడని ముద్ర వేస్తారేమో అని భయపడి ‘ఇంగ్లీష్’ అని రాసేస్తారు. ఆ ఒక్క మాటతో పిల్లవాడికి చట్టప్రకారం రావాల్సిన సాయం మొదట్లోనే ఆగిపోవచ్చు.

అమెరికా ప్రభుత్వ స్కూళ్లలో ఇంగ్లీషు నేర్చుకునే దశలో ఉన్న పిల్లలు సుమారు 50 లక్షల మంది. అంటే ప్రతి పదిమందిలో ఒకరు. వీళ్లని ‘ఇంగ్లీష్ లెర్నర్’ అంటారు. టెక్సాస్‌లో ‘ఎమర్జెంట్ బైలింగ్వల్’ అనే పేరు వాడుతున్నారు.

చట్టం ఎక్కడి నుంచి వచ్చింది?

శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీస్ మాట్లాడే సుమారు 1,800 మంది పిల్లలకు క్లాసులో చెప్పేది అర్థం కాకపోయినా స్కూళ్లు అదనపు సాయం ఏమీ ఇవ్వలేదు. వారి కుటుంబాలు కోర్టుకెళ్లాయి. 1974లో ‘లౌ వర్సెస్ నికోల్స్’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచర్ ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదని, భాష రాని పిల్లలకు ఆ చదువు అందనట్టేనని తేల్చింది. ఈ తీర్పుకు ఆధారం 1964 నాటి పౌరహక్కుల చట్టం. 1981లో ‘కాస్టానేడా వర్సెస్ పికార్డ్’ కేసులో ఒక ఫెడరల్ అప్పీల్ కోర్టు మూడు షరతులు పెట్టింది. స్కూలు ఎంచుకున్న పద్ధతికి నిపుణుల ఆమోదం ఉండాలి. దాన్ని నడపడానికి తగిన టీచర్లు, వనరులు ఉండాలి. కొంతకాలం తర్వాత ఫలితం కనిపించాలి, లేకపోతే పద్ధతి మార్చాలి.

వీసా సంగతి చాలామందికి ఉండే ఇంకో భయం. 1982 నాటి ‘ప్లైలర్ వర్సెస్ డో’ తీర్పు ప్రకారం ఇమిగ్రేషన్ స్థితిని చూపి ఏ పిల్లవాడికీ ప్రభుత్వ స్కూల్లో చదువు నిరాకరించకూడదు. హోమ్ లాంగ్వేజ్ సర్వే అడిగేది భాష గురించే.

ఫారంలో ఏం రాయాలి?

ఉన్నదున్నట్టు రాయాలి. ఇంట్లో అమ్మీతో ఉర్దూ, నాన్నతో తెలుగు మాట్లాడే పిల్లలు మన కుటుంబాల్లో ఎందరో. అలాంటప్పుడు రెండూ రాయవచ్చు. ఒకటే రాయమంటే పిల్లవాడు ఎక్కువగా మాట్లాడేది రాస్తే చాలు. ఖురాన్ చదవడం నేర్చుకున్నాడు కదా అని అరబిక్ రాయడం వల్ల గందరగోళమే. ఇంట్లో అరబిక్‌లో మాట్లాడుకుంటేనే అది ఇంటి భాష అవుతుంది.

ఫారంలో వేరే భాష రాసినంత మాత్రాన ‘ఇంగ్లీష్ లెర్నర్’ అయిపోరు. అది పరీక్ష పెట్టడానికి కారణం మాత్రమే. హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియంలో బాగా చదివిన పిల్లలు ఆ పరీక్షలోనే పాసై మామూలు క్లాసులో కొనసాగుతారు.

పరీక్ష ఎలా ఉంటుంది?

స్కూల్లో చేరిన 30 రోజుల్లోగా స్క్రీనింగ్ పూర్తి చేయాలి. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అనే నాలుగు నైపుణ్యాలు చూస్తారు. చాలా రాష్ట్రాలు ‘విడా’ అనే ఉమ్మడి సంస్థ పరీక్షలు వాడతాయి. ఇల్లినాయ్ అందులో ఉంది. కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూయార్క్‌లకు సొంత పరీక్షలున్నాయి. సాయం అవసరమని తేలితే ఆ సంగతి తల్లిదండ్రులకు తెలియజేయాలి. విద్యా సంవత్సరం మొదలైన 30 రోజుల్లోగా, మధ్యలో చేరిన పిల్లలకైతే రెండు వారాల్లోగా నోటీసు రావాలి. పిల్లవాడి స్థాయి ఏంటి, ఏ పద్ధతిలో నేర్పుతారు, ఎప్పుడు బయటికి రావచ్చు అన్నవి అందులో ఉండాలి. సాధ్యమైనంతవరకు తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలి.

మీటింగుకు ఉర్దూ లేదా తెలుగు దుబాసీ కావాలని అడగవచ్చు. దీనికి ఫీజు ఉండదు. పిల్లవాడినే మధ్యలో కూర్చోబెట్టి అనువాదం చేయించడం సరైన పద్ధతి కాదు.

సాయం ఏ రూపంలో?

కొన్ని స్కూళ్లలో రోజూ కాసేపు పిల్లల్ని విడిగా తీసుకెళ్లి ఇంగ్లీషు నేర్పుతారు. కొన్నిచోట్ల ఇఎస్ఎల్ టీచరే క్లాసులోకి వచ్చి పక్కన కూర్చుంటారు. లెక్కలు, సైన్సు పాఠాలను బొమ్మలతో, తేలిక ఇంగ్లీషుతో చెప్పే పద్ధతీ ఉంది. ఇల్లినాయ్‌లో ఒకే స్కూల్లో ఒకే భాషకు చెందిన ఇంగ్లీష్ లెర్నర్లు 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆ భాషను కూడా వాడే బైలింగ్వల్ కార్యక్రమం నడపాలి. అంటే ఫారంలో ‘ఉర్దూ’ అని నిజం రాసిన ప్రతి కుటుంబమూ ఆ లెక్కలోకి వచ్చే అవకాశం ఉంది. అందరూ ‘ఇంగ్లీష్’ అని రాస్తే ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

ఈ సాయం వద్దని చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఉంది. అయినా పిల్లవాడు పరీక్ష పాసయ్యేదాకా ‘ఇంగ్లీష్ లెర్నర్’గానే ఉంటాడు. ఏటా జరిగే పరీక్ష రాయాల్సిందే, స్కూలు అతని చదువును గమనిస్తూ ఉండాల్సిందే. అందుకే వద్దని సంతకం పెట్టేముందు టీచర్‌తో ఒకసారి కూర్చుని మాట్లాడటం మంచిది.

‘గడగడా మాట్లాడుతున్నాడు కదా!’

ఏడాది తిరిగేసరికి పిల్లలు ఫ్రెండ్స్‌తో ఇంగ్లీషులో గడగడా మాట్లాడేస్తారు. ఇంకా ఈ క్లాసెందుకని ఇంట్లో వాళ్లకు అనిపిస్తుంది. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ ఈ తేడాను వివరించారు. మాట్లాడే ఇంగ్లీషు సుమారు రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠం చదివి అర్థం చేసుకుని, సొంతంగా రాసే ఇంగ్లీషుకు ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చు. ఏటా పెట్టే పరీక్ష ఈ రెండో రకాన్నీ చూస్తుంది. పాసై బయటికొచ్చాక కూడా కనీసం రెండేళ్లు స్కూలు ఆ పిల్లల్ని గమనించాలి. వెనకబడితే మళ్లీ సాయం ఇవ్వాలి.

భాష రాకపోవడం వేరు, నేర్చుకోవడంలో లోపం వేరు. ఇంగ్లీషు రాదన్న ఒక్క కారణంతో పిల్లవాడిని స్పెషల్ ఎడ్యుకేషన్‌లో వేయకూడదు. నిజంగా లోపం ఉందేమోనని అనుమానం వస్తే, వీలైనంతవరకు పిల్లవాడికి వచ్చిన భాషలోనే పరీక్షించాలి. రెండు అవసరాలూ ఉన్న పిల్లలకు రెండు సాయాలూ అందాలి.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సినవి

- ఇండియాలో చదివిన మార్కుల మెమోలు, టీసీ వెంట తీసుకెళ్లాలి. హైస్కూల్ వయసులో వెళ్లే పిల్లలకు ఏ తరగతి, ఎన్ని క్రెడిట్లు అన్నది తేల్చడానికి అవి పనికొస్తాయి.
- స్కూలు పంపిన స్కోరు కాగితాలు దాచుకోవాలి. నాలుగు నైపుణ్యాల్లో ఏది తగ్గిందో అందులో తెలుస్తుంది.
- ఇఎస్ఎల్ క్లాసు వల్ల ఏ పాఠం పోతోందో అడగాలి. ఇంగ్లీష్ లెర్నర్ అన్న కారణంతో పైస్థాయి కోర్సులు, ఆటలు మూసేయకూడదు.
- ఫారంలో పొరపాటున ‘ఇంగ్లీష్’ అని రాసి ఉంటే, పిల్లవాడికి పాఠం అర్థం కావడం లేదని స్కూలుకు రాతపూర్వకంగా చెప్పి పరీక్ష పెట్టమని అడగవచ్చు.
- ఇంట్లో ఉర్దూ, తెలుగు మానేయాల్సిన పనిలేదు. ఇంటి భాషలో కథలు విని, ప్రశ్నలు అడిగే పిల్లలకు ఆ ఆలోచనే ఇంగ్లీషులోనూ అక్కరకొస్తుంది. ఆ భాష పోతే నానీతో, దాదాతో ఫోన్‌లో మాట్లాడటానికి మాటలు మిగలవు.