పక్కకు జరిగిన కుర్చీ

2008 డిసెంబర్ 16, మంగళవారం. హైదరాబాద్.

సత్యం కంప్యూటర్స్ బోర్డు సమావేశమైంది. బల్ల మీద ఒక కొనుగోలు ప్రతిపాదన ఉంది. మేటాస్ ప్రాపర్టీస్‌ను మొత్తంగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని సత్యం కొనాలన్నది ఆ ప్రతిపాదన. మొదటిదానికి 130 కోట్ల డాలర్లు, రెండోదానికి 30 కోట్ల డాలర్లు.

మేటాస్ పేరులోని ఇంగ్లిష్ అక్షరాలను వెనక నుంచి చదివితే సత్యం అని వస్తుంది. చుట్టరికం పేరులోనే ఉంది. కొనే కంపెనీకి ఛైర్మన్ బి.రామలింగరాజు. అమ్మే కంపెనీల వ్యవహారాలు చూస్తున్నది ఆయన కొడుకులు. సత్యంలో ప్రమోటర్ల వాటా అప్పటికి తొమ్మిది శాతం లోపే. అంటే ఖర్చయ్యే ప్రతి వంద రూపాయల్లో తొంభై రూపాయలకు పైగా బయటి వాటాదారులవి. కొనేది మాత్రం ఇంటివాళ్ల కంపెనీలను.

ఇలాంటప్పుడు చేయాల్సినవి చట్టంలో ఉన్నాయి. సొంత ప్రయోజనం ఉన్న డైరెక్టరు ఆ సంగతి బయటపెట్టాలి, ఓటుకు దూరంగా ఉండాలి. ఆ రోజు ఛైర్మన్ కుర్చీ పక్కకు జరిగింది. అధ్యక్ష స్థానంలో ఎం.రామ్మోహనరావు కూర్చున్నారు. ఆయన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్, అంతకు ముందు బెంగళూరు ఐఐఎం డైరెక్టర్. బోర్డు సభ్యుల్లో మిగతావాళ్లూ తక్కువవాళ్లు కారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, ఢిల్లీ ఐఐటీ మాజీ డైరెక్టర్ వి.ఎస్.రాజు, కేబినెట్ మాజీ కార్యదర్శి టి.ఆర్.ప్రసాద్, పెంటియం చిప్‌తో పేరు తెచ్చుకున్న వినోద్ ధామ్, మంగళం శ్రీనివాసన్. మేనేజ్‌మెంట్ విద్యార్థులకు పాఠ్యపుస్తకం లాంటి బోర్డు అది. మూడు నెలల కిందటే, సెప్టెంబరులో, మంచి కార్పొరేట్ పాలనకు గాను సత్యానికి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది.

సాఫ్ట్‌వేర్ కంపెనీకి సంబంధం లేని రియల్ ఎస్టేట్, నిర్మాణ వ్యాపారం ఎందుకన్న ప్రశ్న ఆ సమావేశంలో వచ్చింది. జవాబు మేనేజ్‌మెంట్ నుంచే వచ్చింది. చివరికి బోర్డు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. వాటాదారులను అడగాల్సిన పని లేదని కంపెనీ చెప్పింది.

ఆ రాత్రి

ఇక్కడ చీకటి పడ్డాక న్యూయార్క్‌లో మార్కెట్ తెరిచారు. అక్కడి సత్యం షేరు ఒక్క రోజులో సగానికి పైగా పడిపోయింది. మదుపరులు మండిపడ్డారు. తెల్లారేసరికి కంపెనీ ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. అయినా బుధవారం ముంబైలో షేరు 30 శాతం దాకా కూలింది.

పండితులంతా కూర్చుని చూసి సరేనన్నదాన్ని మార్కెట్ కొన్ని గంటల్లో తిప్పికొట్టింది. బయటివాళ్లకు కనిపించింది ఒక్కటే: నాన్న కొంటున్నాడు, కొడుకులు అమ్ముతున్నారు.

అదే డిసెంబరులో ఇంకో సంగతి బయటపడింది. ఎనిమిదేళ్లపాటు సత్యానికి కాంట్రాక్టులు ఇవ్వకూడదని ప్రపంచ బ్యాంకు నిర్ణయించింది. బ్యాంకు సిబ్బందికి అనుచిత లబ్ధి చేకూర్చారన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. కొనేవాడి మనిషికి అమ్మేవాడి నుంచి మేలు ముట్టడమే అక్కడా రోగం.

నెలాఖరుకు మంగళం శ్రీనివాసన్, వినోద్ ధామ్, కృష్ణ పాలెపు, రామ్మోహనరావు ఒకరి తర్వాత ఒకరు బోర్డు నుంచి తప్పుకున్నారు.

2009 జనవరి 7. రామలింగరాజు రాసిన లేఖ బోర్డుకు చేరింది. ఖాతాల్లో 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు ఉన్నట్టు చూపించగా, అందులో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఆయనే రాశారు. లేని ఆస్తుల చోట నిజమైన ఆస్తులు పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమే మేటాస్ ఒప్పందమని కూడా రాశారు. కొనుగోలు ఫైలు మీద వ్యాపార విస్తరణ అని ఉంది. దాని కింద దాచింది ఒక గొయ్యి.

అదే జనవరిలో రామ్మోహనరావు డీన్ పదవి వదులుకున్నారు. ఆయన ఈ కేసులో నిందితుడు కారు. ఎన్నో బ్యాచ్‌లకు పాఠాలు చెప్పిన గురువుకు, ఒక మధ్యాహ్నం కూర్చున్న కుర్చీ అంత బరువైంది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజు సహా పది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. తర్వాత వాళ్లు అప్పీలుకు వెళ్లారు, బెయిలు పొందారు.

కుర్చీ జరిగింది, కాగితం జరగలేదు

ఈ కథలో నన్ను ఇప్పటికీ వదలనిది ఆ పక్కకు జరిగిన కుర్చీ. పద్ధతి ప్రకారం చూస్తే లోపం కనిపించదు. సంబంధం అందరికీ తెలుసు. వేరేవాళ్లు అధ్యక్షత వహించారు. స్వతంత్ర డైరెక్టర్లు ఓటేశారు. కానీ బల్ల మీదున్న కాగితం ఎవరు తయారు చేశారు? ఏం కొనాలో, ఎప్పుడు కొనాలో, ఎంతకు కొనాలో ముందే అనుకున్నదెవరు? మనిషి పక్కకు జరిగాడు గానీ, ఆయన తయారు చేయించిన కాగితం బల్ల మీదే ఉంది.

ఇదే మాటను సుప్రీంకోర్టు దాదాపు పాతికేళ్ల ముందే విద్యాలయాల కొనుగోళ్ల విషయంలో చెప్పింది. ఒడిశాలో బడులు, కాలేజీల లైబ్రరీలకు పుస్తకాలు ఎంపిక చేయడానికి ప్రభుత్వం కమిటీ వేసింది. ఆ కమిటీలో కొందరు రచయితలు. పరిశీలనకు వచ్చిన పుస్తకాల్లో వాళ్లు రాసినవీ ఉన్నాయి. జె.మహాపాత్ర అండ్ కో కేసులో 1984లో తీర్పు వచ్చింది. తన పుస్తకం వంతు వచ్చినప్పుడు రచయిత పక్కకు తప్పుకుంటే సరిపోదని కోర్టు తేల్చింది. తోటి సభ్యుల మీద అతని ప్రభావం ఉండనే ఉంటుంది. ఈ రోజు నీది నేను ఒప్పుకుంటాను, రేపు నాది నువ్వు ఒప్పుకో అన్న ఇచ్చిపుచ్చుకోళ్లకు దారి తెరిచే ఉంటుంది. పక్షపాతం జరిగిందని రుజువు చేయనక్కరలేదు, జరిగే అవకాశం నిజంగా ఉంటే చాలు. అసలు అలాంటివాళ్లను కమిటీలో వేయకూడదు.

ఇక మన ముంబై హైవే దారికి వద్దాం

సత్యం బోర్డు ఆ నిర్ణయం తీసుకున్న ఏడాదే, 2008 ఆగస్టులో, హైదరాబాద్ ఐఐటీ ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా తరగతులు మొదలుపెట్టింది. తర్వాత కందిలో సొంత క్యాంపస్‌కు చేరింది. ఈ రోజు రామచంద్రపురం బీహెచ్ఈఎల్ దాటి ముంబై హైవే మీద వెళ్తుంటే పటాన్‌చెరులో ఇక్రిశాట్, రుద్రారంలో గీతం, కందిలో ఐఐటీ వరుసగా వస్తాయి. వాటి చుట్టూ పారిశ్రామికవాడల షెడ్లు. ల్యాబులో పనిచేసినవాడే రేపు షెడ్డులో యంత్రాలు తయారు చేస్తాడు. ప్రొఫెసర్లను స్టార్టప్‌లు పెట్టమని విద్యాసంస్థలే ప్రోత్సహిస్తున్నాయి. అది మంచిదే. కానీ రోడ్డుకు ఇటు కొనేవాళ్లు, అటు అమ్మేవాళ్లు ఉన్నచోట శిష్యరికం, బంధుత్వం, భాగస్వామ్యం రోజూ రోడ్డు దాటుతుంటాయి.

ఈ దారిలో ఏ స్టోర్స్ గుమాస్తాను అడిగినా చెబుతాడు. మూడు కొటేషన్లు వస్తాయి. మూడింటికీ లెటర్‌హెడ్లు వేరు, అడ్రసులు వేరు. అక్షర దోషం మాత్రం మూడింట్లోనూ ఒకే పదంలో ఉంటుంది. తేదీ ఒకటే, ఇంకు ఒకటే. ధరలు పోల్చే కంపారిటివ్ స్టేట్‌మెంటులో ఎల్-1, అంటే అతి తక్కువ ధర చెప్పినవాడు, ఎవరో ముందే తెలుసు. ఇది మోటు పద్ధతి. నాజూకు పద్ధతి ఫలానాది కొనాలని రాసే ఇండెంటులోనే మొదలవుతుంది. పరికరం పొడవు, వేగం, సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఒక్క కంపెనీకే సరిపోయేలా స్పెసిఫికేషన్ రాస్తారు. లేదా ఇంకెవరూ తయారు చేయరంటూ ప్రొప్రయిటరీ సర్టిఫికెట్ మీద సంతకం చేస్తారు. టెండరు కవర్లు విప్పే రోజున ఆ స్పెసిఫికేషన్ రాసిన ప్రొఫెసర్ గదిలో లేకపోయినా నష్టం ముందే జరిగిపోయింది. నష్టపోయేది టెండరులో ఓడిన షెడ్డు ఒక్కటే కాదు. గ్రాంటు డబ్బుతో నాసిరకం యంత్రం వస్తే దాని ముందు ఏళ్ల తరబడి కూర్చునేది పరిశోధక విద్యార్థి.

నియమాలు లేవని ఎవరూ అనలేరు. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు వర్తించే 2017 సాధారణ ఆర్థిక నియమావళిలోని 175వ నియమం ప్రయోజనాల వైరుధ్యాన్ని బయటపెట్టి తీరాలంటోంది. 2013 కంపెనీల చట్టం అంతకంటే ఒక మెట్టు పైనే ఉంది. సొంత ప్రయోజనం ఉన్న డైరెక్టరు ఆ అంశం చర్చలోనే పాల్గొనకూడదు. సంబంధిత పక్షాలతో కంపెనీ చేసే పెద్ద లావాదేవీలకు వాటాదారుల ఆమోదం కావాలి, అందులో సంబంధం ఉన్నవాళ్లు ఓటు వేయకూడదు. సత్యం నేర్పిన పాఠం చట్టమైంది.

ఆ పాఠం పర్చేజ్ కమిటీ గదిలోకి కూడా రావాలి. బంధం ఉన్న మనిషి కవర్లు విప్పే రోజున కాకుండా ఇండెంటు రాసే రోజునే తప్పుకోవాలి. స్పెసిఫికేషన్‌ను అతనితో సంబంధం లేని ఇంకొకరు చదివి సంతకం చేయాలి. తప్పుకున్నవాడిని అనుమానంగా చూడకూడదు. ముందే చెప్పడం నిజాయితీ, దాచడమే తప్పు.

కమిటీలో కూర్చున్న మీరు డీన్ కావచ్చు, నిన్న మొన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చు. సంతకానికి పెన్ను తీసే ముందు ఒక్క ప్రశ్న పైకి అడగండి: ఈ కాగితం రాసిందెవరు? జవాబు వచ్చేదాకా పెన్నుకు మూత తీయకండి.